రంగాచారి సారు మెయిలు

ఎనుమాముల మార్కెట్ల
ఇటు మిర్చి కుప్పలు, అటు పసుపు కొమ్ములు,
షెడ్డు కింద తెల్లటి పత్తి.
కిటికీల గిన్ని రంగులుండంగ
మా రంగాచారి సారుకు సాలలే.
మెయిలుకు సుత జాజు, సున్నం పెట్టుడు షురూ చేసిండు.

అర్జెంటైతే ఎరుపు.
అర్జెంటు కాకుంటే గూడ ఎరుపే, జర లేతది.
“పచ్చల ఉన్నదంత పచ్చి నిజం” అని కింద ఒక నోటు.
పచ్చి అబద్ధం ఏ రంగుల ఉంటదో రాయలే.
వేలం సంగతులకు నీలం.
మా తాత వేలాన్ని నీలామనే అంటుండె,
అట్ల చూస్తే సారుది తప్పనలేం.
పసుపు ధర మాత్రం పసుపుల్నే పెట్టిండు.
తెల్ల తెర మీద అది కానరాక
కేసముద్రం సేటు కండ్లద్దాలు మార్చిండు,
తర్వాత కండ్ల డాక్టర్నే మార్చిండు.

సోమవారం నా పేరు ఎర్రగొచ్చింది:
“స్వరాజ్యం, కాంటా లెక్క పంపు.”
నాకు రంగు వడ్డదనుకున్న.
తెల్లమొహం ఏసుకొని పోతే
“కోపం గాదమ్మా,
నిన్నటి ఎరుపు తీసుడు మర్సిన” అన్నడు.

ఇగ నేను సుత ఒక రంగు పట్టిన.
సెలవు చీటి నల్లగ రాసి
దాని కింద తెల్లదాని మీద తెల్లగ:
“సారూ, మీ మెయిలు పోచమ్మ బోనం లెక్కుంటది.
జవాబియ్యాల్నో, దండం పెట్టాల్నో సమజైతలేదు.”
ఎవ్వలకు కానరాదు, కడుపు సల్లవడ్డది.

సారు మంజూరు చేసిండు.
చేసి ఊకున్నడా?
జవాబుకు రంగేద్దామని
మెయిలు మొత్తం పట్టి పచ్చ కొట్టిండు.
కాయ పలిగి పత్తి ఎల్లినట్టు
నా మాటలన్ని బయటికెల్లినయ్,
అది గూడ ఆఫీసు మొత్తానికి.
నా తెలుపు అక్కడ్నే తెల్లారింది.

తెల్లారి పొద్దుగాల సారు మెయిలు:
“శుక్రవారం సెలవు ఖాయం.
బోనంల నా పాలు తియ్యి.”
అంతే.
మొత్తం నలుపు.
గీత లేదు, మెరుపు లేదు, లేత లేదు.
ఆఫీసంత గజ్జుమన్నది.
“నల్లగ రాసిండంటే
సారు మస్తు గరమున్నడు!”
ఎవ్వలూ క్యాబిన్ దిక్కు పోలే.

ప్రింటు తీసుకొచ్చిన మొగిలి
కాయితం దిక్కొకసారి,
తెర దిక్కొకసారి చూసి
నవ్విండు:
“ఇయ్యాల్టికి మన మిషిను బాగైందమ్మా,
రెండూ ఒక్క తీరే ఒచ్చినయ్!”