ఆ పేరు ఉండాల్సిన చోట

చిలోయే దీవుల్లో రేడియో ముందుగా చెప్పేది గాలి సంగతి.
ఆ పొద్దున ఉత్తరపు గాలిని సగంలో ఆపేసి
రోములో పోపుగారు పోయారంది.
ఎలియోదోరో చేతిలో బంగాళాదుంప
సగం చెక్కుతోనే ఉండిపోయింది.

మా దీవికి ఫాదరు ఏడాదికి రెండుసార్లు వస్తాడు,
సముద్రం ఒప్పుకుంటే.
మిగతా రోజుల్లో గుడి తాళంచెవి ఎలియోదోరోది,
జపాలు ఆయనవి, గంట తాడు ఆయనది.
మగవాడు పోతే మూడు, ఆడమనిషికి రెండు,
పసిబిడ్డకు చిన్నగంట, ఒక్కటే.
పోపుగారికి ఎన్ని?
వాళ్ళ తాత చెప్పి పోలేదు.
తాడు పట్టుకుని చాలాసేపు నిలబడి
మూడు కొట్టాడు.
"ఆ కుర్చీలో మొదట కూర్చున్నాయన వలలేసుకు బతికినోడే కదా"
అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

మధ్యాహ్నానికి మేత్రాణులవారి ఉత్తరం నా పడవలో తెచ్చాను,
తడవకుండా రొట్టెల సంచీలో చుట్టి.
మేత్రాసనమంతటా తొమ్మిది రోజుల ప్రార్థన,
పసుపు తెలుపు జెండాకు నల్ల రిబ్బను,
శుక్రవారం పట్నంలో పెద్దపూజ.
జెండా మాకు లేదు.
నల్ల ఉన్ని ఉంది, కావలసినంత.

శవం లేని చావు మాకు కొత్త కాదు.
నీళ్ళు తీసుకున్నవాణ్ణి నీళ్ళు తిరిగివ్వవు.
అప్పుడు బల్లమీద అతని చొక్కా పరుస్తాం,
చేతులు మడిచి, పైన టోపీ పెట్టి
తెల్లవార్లూ దాని పక్కన కూర్చుంటాం.
మా తమ్ముడిది ఆకుపచ్చ చొక్కా. ఒక గుండీ లేదు.

పోపుగారి చొక్కా ఎక్కణ్ణించి తేవడం?
ఓర్తెన్సియా లేచి వెళ్ళి
మగ్గం మీది తెల్ల కంబళి కోసుకొచ్చింది,
సగమే నేసింది, అంచున దారాలు వేలాడుతూ,
గొర్రె వాసన ఇంకా పోలేదు.
"కాపరే కదా, ఏమనుకోడులే" అని పరిచింది.

ఆ రాత్రి నలభై మందిమి.
ఆయన్ని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.
ఏడ్చింది బెర్నార్దా మాత్రమే,
ఎవరికోసమో మేం అడగలేదు.

ప్రతి ఆదివారం ప్రార్థనలో ఒక వాక్యం వస్తుంది:
మా పోపు, అని పేరు,
వెంటనే మా మేత్రాణి, అని పేరు.
కొత్తాయన వచ్చేదాకా
మొదటి పేరు వదిలేసి చదవమని ఉత్తరంలో ఉంది.
ఎలియోదోరో పలకలేదు, వదలనూ లేదు.
అక్కడ ఆగాడు,
తెడ్డు నీళ్ళలో దిగి మళ్ళీ పైకి వచ్చేంతసేపు.
ఆ సందులోకి
చెక్క పెంకుల మీది వాన చప్పుడు వచ్చి కూర్చుంది.
తరువాత మేత్రాణి పేరు చదివాడు.

శుక్రవారం పట్నం వెళ్ళాను. కొవ్వొత్తులు, బ్యాండు, మేయరు.
మేత్రాణులు ఆ చోటు గబగబా దాటేశారు,
చదువుకున్నవారు, అలవాటే కాబోలు.
నేను వెనక బెంచీలో
నా తెడ్డు పైకి లేచేదాకా ఆగాను.
అందరి ఆమెన్ అయిపోయాక
నాది పడింది.