ఒక అథర్ నీళ్లు

హైల్ సిద్రాల పగటి నీళ్లని
ఒక కట్టె నీడ పంచుతది.
రాత్రయితే చుక్కలు.
కొండ కడుపుల నుంచి వచ్చే కాలువ, ఫలజ్.
అందుల అర గంట పారకాన్ని అథర్ అంటరు.
ముసలి ఖల్ఫాన్ దగ్గర తోలు అట్ట పుస్తకముంది,
ఎవరి ఖర్జూరాలకు ఎన్ని అథర్లో
చచ్చినోళ్ల పేర్లతో సహా.

ఆ పుస్తకం చూస్తే మా తాత తూము యాదికొచ్చింది.
నీరటి పని మాది.
ఊరందరి మడికి నీళ్లిడిచినం,
మాకు గుంటెడు మడి లేకుండె.

నేనొచ్చింది బోరు బండి మీద.
కాగితంల పని పేరు: సుస్థిర గ్రామ పథకం.
ఊరి మొగదాల బోర్డు పాతిండ్రు,
పచ్చని ఆకు బొమ్మతోని.
దాని గుంత తవ్వింది కూడ నేనే.

పాత మట్టి ఇండ్లల్ల ఇరవై గదుల హోటలొస్తదట.
గదికొక తొట్టి.
ఫలజ్ వారసత్వం, ముట్టద్దని రాసుకున్నరు;
అందుకే దాని తల్లిబావికి
మూడు వందల మీటర్ల ఎడంగ గీత గీసి
ఇక్కడ తొవ్వు అన్నరు.
గీత భూమి పైన గీసిండ్రు.

"మీ దేశంల ఎన్ని బోర్లేసినవ్?"
ఖల్ఫాన్ అడిగిండు.
మెట్‌పల్లి అవతల ఒక్క రాజీరు చెల్కలనే తొమ్మిది.
తొమ్మిదో దాంట్ల దుమ్ము లేస్తే
రాజీరు చెప్పులిడిచి ఆ దుమ్ముకే మొక్కిండు.
నా అరబ్బీల అంత కథ పట్టదు.
"కతీర్" అన్న. చాన.

ఆయన కోడలు షంసా
కహ్వా పోసుకుంటనే గట్టిగ అన్నది:
"ఫలజ్ గొప్పదే. మా అత్త నడుమునడుగు.
ఆ పుస్తకంల గంటలున్నయి,
బిందెలు మోసినోళ్ల గంటలేవి?
పూడిక తియ్యనీకి ఇప్పుడు ఊరోడొక్కడు దిగడు,
బంగ్లా పిలగాడు రఫీకుల్ దిగుతడు.
నీళ్లు పడితే ఇంట్లకు నల్లా వస్తది. తొవ్వు."
ఖల్ఫాన్ ఖర్జూరం గింజ
చానసేపు చేతులనే తిప్పిండు.

నూట తొంభై మీటర్లకు పడ్డది.
తెల్లగ, నురగలు కక్కుకుంట.
షంసా చిన్నబిడ్డ తడిసి ఎగిరింది,
అబద్ధమెందుకు, నేను కూడ ఎగిరిన.

ఒక రాత్రి, ఒక పగలు మోటరు ఆపకుండ తోడినం.
తెల్లారి ఖల్ఫాన్ నన్ను చెయ్యి పట్టి తీస్కపోయిండు.
నీడ గీత మీదికి టైముకే వచ్చింది.
అర గంట అర గంటే ఉన్నది.
కాలువ గోడకు మాత్రం
నిన్నటి తడి పైన, ఇయ్యాల్టి నీళ్లు కింద.
నడుమ వేలు పెట్టి చూడుమన్నడు.
పెట్టిన. సరిగ్గ పట్టింది.

ఫిలిప్పోస్ సార్ ఫారం ఇచ్చిండు:
లోతు, రాయి రకం, గంటకెన్ని లీటర్లు.
అన్నీ నింపిన.
అవతల షంసా కొత్త నల్లా కింద
బకీటు పెట్టుకొని నిలబడ్డది.
నా వేలింక ఆరలేదు.

దీన్ని ఏ గడిల రాయాలె సార్?