చారెడు

మొక్కకి చారెడు.
అంతే, ఇంకే లెక్కా రానక్కర్లేదన్నాడు మేస్త్రీ.
పదహారేళ్ళ యూడొక్సీ చంకన బకెట్టు,
బకెట్టులో తెల్లటి పొడి.
మార్టినిక్ దీవి ఉత్తరపు వాలు మీద
అరటి వెనక అరటి, ఆ వెనకా అరటే,
ఎక్కడో కింద సముద్రం.

దుంపను తొలిచే ముక్కుపురుగుకట.
మందు అన్నారు.
మందంటే నయం చేసేదే అనుకుంది.
పిడికిట తీసి మొదలు చుట్టూ విసిరి
మధ్యాహ్నం అదే చేత్తో రొట్టె విరిచి
ఉప్పుచేప నంజుకుని
వేళ్ళు నాకింది.
పొడికి రుచి లేదు. చెప్పుకోదగ్గ వాసనా లేదు.
ఉన్నా బాగుండేది.

పురుగు చచ్చింది, గెలలు దిగాయి.
మచ్చ పడని పండు
అట్టపెట్టెల్లో ఓడెక్కి పారిస్ పోయింది.
మందుకి మాత్రం ఓడలో చోటు లేదు.
మట్టిలో ఉండిపోయింది,
వాన పడ్డప్పుడల్లా కాస్త కాస్తగా
వాగులోకి, వాగులో రొయ్యలోకి,
అదే బకెట్టు మోసిన తమ్ముడు ఫుల్జాన్స్‌కి
పైకి చెప్పుకోలేని చోట జబ్బుగా.
వాడిప్పుడు నలుపూ తెలుపూ పలకల కింద పడుకున్నాడు.
వాగు ఒడ్డున చేపలు పట్టరాదని బోర్డు.
ఎవరికి వారే చదువుకుని వెళ్ళిపోతారు.

మొన్న ల్యాబు పిల్ల వచ్చింది,
పెరట్లో గొట్టం దింపి
నేలకి రక్తపరీక్ష చేసినట్టే చేసింది.
నెల తర్వాత కాగితం.
పెండలం వద్దు. చేమ వద్దు. చిలగడదుంప అసలే వద్దు.
చిక్కుడు వేసుకోవచ్చు, సీమపనస తినొచ్చు,
నేలకి ఎంత ఎడంగా కాస్తే అంత మంచిది.
కోళ్ళని మట్టి మీద వదలకూడదు.

కోడిని మట్టి మీద కాక
ఎక్కడ వదలాలమ్మా? అంది యూడొక్సీ.
ఆ పిల్ల కాగితం వెనక్కి తిప్పి చూసింది.
వెనక ఏమీ రాసి లేదు.

నేనీ పెరట్లో ఇరవై ఏళ్ళుగా
పేడా బూడిదా ఎండుటాకూ తప్ప వేయలేదు, అంది మళ్ళీ.
అది నిజమే.
నేల ఆ మంచిని కాదనలేదు,
పాతదాన్ని మరిచిపోనూ లేదు.
ఎన్నాళ్ళకి పోతుంది?
వందల ఏళ్ళు పట్టొచ్చండీ.
యూడొక్సీ పకపకా నవ్వింది.
తాతలు చేసిన అప్పయినా
మూడు తరాలకి మాసిపోతుంది కదే!

ఫుల్జాన్స్ మనవరాలు మెలీజ్‌కి
కొండ మీద చిన్న చెక్క ఉంది.
లారీ ఎక్కలేదు కాబట్టి అటు అరటీ ఎక్కలేదు.
పేదరికం కాపాడిన నేల అది.
కొట్టిన కొమ్మల మీద పెండలం తీగ,
పక్కన కంది, మధ్యలో మిరప,
రాలిన ఆకంతా అక్కడే కుళ్ళబెడుతుంది.
పురుగు తిన్న కాయ ఎవరు కొంటారే? అంటుంది పొరుగామె.
పురుగు తిని బతికింది కదత్తా, అంటుంది ఈ పిల్ల.
రెండేళ్ళు కూలికెళ్ళి కడుపు నింపుకుంది.
ఈ ఏడు సంతలో మిగల్లేదు.
వచ్చే ఏడు సంగతి తెలీదు.

ఆదివారం యూడొక్సీ కొండెక్కింది,
నాలుగుసార్లు ఆగి, నాలుగుసార్లూ దారినే తిట్టి.
చేతిలో ఎప్పుడూ ఉండే విత్తనపు ముక్క లేదు.
తన పెరటిది తేలేదు.

గోతులు తవ్వి ఉన్నాయి.
మెలీజ్ దుంపముక్క అందించబోతే
ఆగు, ముందు నీళ్ళు పొయ్యి, అంది.
నిమ్మడొప్పతో రుద్దింది.
గోళ్ళ సందులు, వేళ్ళ సందులు,
మోచేతుల దాకా, మళ్ళీ ఇంకోసారి.
పని అయ్యాక కడుక్కుంటారు కానీ నానమ్మా,
నువ్వింకా మట్టే ముట్టుకోలేదు!

అందుకే, అంది యూడొక్సీ.
తడి చేతులు ఎండకి చాపి ఆరనిచ్చి
వంగి
చారెడు మట్టి తీసింది.