నాలిక కింద

నెల్లిమర్ల జూట్‌మిల్లు కూత కూసి చాలాసేపైంది.
షాపు ఖాళీ అయ్యేదాకా
దగ్గు మందు డబ్బా మీద అక్షరాలు చూస్తూ నిలబడ్డాడు తవిటయ్య.
చదువు రాదు.

కౌంటర్లో మా ఆయనుంటే బాగుణ్ణని
అతనికీ ఉంది, నాకూ ఉంది.

"బీపీవి ఓ అట్ట ఇయ్యమ్మా.
మరి... ఆ బస్టాండు కుర్రాడిచ్చింది,
దీంతో ఏసుకోవచ్చేటి?"
అరచేతి చెమటలో రేకు మెరిసింది.

జేబులో ఇంకేటున్నాయో చూపించమన్నాను.
గుండె పట్టేసినప్పుడు
నాలిక కింద పెట్టుకునే బిళ్ళలు,
బీడీకట్టకి ఆనుకుని.

"ఇదీ అదీ కలిస్తే
మగ్గాలన్నిటికీ ఒక్కసారే కరెంటు పోయినట్టు
బీపీ పడిపోద్ది మావా.
మరి లేవవు."

"లేవకే గదమ్మా వచ్చింది."

ముందు నేనే నవ్వాను.
అతనూ నవ్వబోయి, ఆగి,
"అసిరి ఒక్క మాటనదు.
అంటే బాగున్ను" అన్నాడు.

రేకు లాక్కున్నాను.
విజయనగరం డాక్టరు పేరు బిల్లు వెనక రాసిచ్చాను,
ఈ బిళ్ళల సంగతీ
బీపీ మందు సంగతీ
రెండూ ఆయనకి చెప్పమని.

శనివారం అసిరమ్మ వచ్చింది.
షాపు నిండా జనం.
మడతలు పడ్డ ఆ బిల్లు నా ముందు పరిచి
"ఈ డాక్టరుకాడికి
ఇద్దరం ఎల్తన్నాం,
బస్సు ఎన్నింటికమ్మా?" అంది,
గొంతు తగ్గించకుండా.