బాకీ పలక

కిడెన్ కొట్టంటే పెద్దగా ఏమీ లేదు.
రెండు బొగ్గుల కుంపట్లు, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు,
అల్లం దంచే రోలు,
వేపచెట్టుకు మేకు కొట్టి వేలాడదీసిన పలక.
ఎదురుగా ఆర్థిక శాఖ.
దాని గోడకు కొత్త రంగు వేశారు,
తూటాల గుంటలు పూడ్చలేదు.
రంగు గుంటల్లోకి కూడా వెళ్ళింది.

ఆమెకు అక్షరాలు రావు.
అరువు పెట్టినవాడి బొమ్మ వేసి పక్కన గీతలు గీస్తుంది.
చెవి తెగిన సార్జెంటు గట్లువాక్‌కి ఒక చెవి,
గేటు దగ్గరి పిటియాకి తాళంచెవి,
లెఫ్టినెంటు మబియోర్‌కి కళ్ళజోడు, ఒక అద్దం పగిలింది.
ఎవరిది ఏ తెగో అడగలేదు.
బొమ్మ వేయడానికి అది అక్కర్లేదు.

నిన్నటి రెండు సైన్యాలకీ
ఇప్పుడు ఒకటే యూనిఫాం.
కుర్చీలు మాత్రం చెట్టుకి అటు మూడు, ఇటు మూడు.
ఆమె మధ్యలో నిలబడి పోస్తుంది.

రేడియోలో మంత్రి అంటున్నాడు:
మన శత్రువులు సరిహద్దు అవతల ఉన్నారు.
కిడెన్ డబ్బా మూత తీసి చూస్తుంది.
చక్కెర వచ్చేది అక్కణ్ణుంచే.
చమురు మన నేల కిందట, గొట్టం పక్కవాడి నేల మీదట,
మధ్యలో జీతాలు ఎక్కడో ఇరుక్కున్నాయిట.
మూడు నెలలు.
సిపాయి జేబు ఖాళీగా ఉంది,
భుజం ఖాళీగా లేదు.

అయినా పోస్తుంది.
రాజ్యాంగం ఆమెకెవరూ చదివి వినిపించలేదు.
రేపూ వస్తాడని నమ్మి ఇవాళ పోయడం,
అంతవరకు తెలుసు.

గురువారం తెల్లారకముందే గట్లువాక్ వచ్చాడు.
పంతొమ్మిది గ్లాసులకీ లెక్క కట్టి ఇచ్చాడు,
కొత్త నోట్లు, ఒకదానికొకటి అతుక్కునేంత కొత్తవి.
ఎక్కడివని ఆమె అడగలేదు.
ఇక నీకూ నాకూ ఋణం తీరింది, అని నవ్వాడు.
కాసేపటికి చెట్టు ఇటు వైపు మబియోర్,
అవే నోట్లు. కూర్చోలేదు.
పిటియా కూడా, పాపం, నాలుగు గ్లాసులకి చిల్లర ఏరుకుని.

మధ్యాహ్నానికి పలక ఖాళీ.
ఇన్నేళ్ళ బేరంలో ఇంత నల్లగా
అది ఒక్కసారే ఉంది.
అప్పుడామె వేరే ఊళ్ళో ఉండేది.
ఇప్పుడా ఊళ్ళో ఆ చెట్టుంది.

పక్కన పల్లీలమ్మే జోకుడు అంది, అదృష్టం నీదే అక్కా,
అరువులన్నీ వసూలయ్యాయి.
కిడెన్ పలికితే ఒట్టు.
నోట్లు చెంగున ముడేసింది, మళ్ళీ విప్పింది.
కూతుర్ని బడి నుంచి పిలుచుకు రమ్మని ఎవర్నో పంపింది.
అల్లం దంచింది. ఎక్కువే దంచింది.

సాయంత్రం లారీలు బారులు తీరాయి,
లైట్లు వేసుకోకుండా.
ఆమె గ్లాసు పట్టుకుని రోడ్డు దాటింది,
రెండో చేతిలో పలక.
చెవి లేని వైపు నిలబడి అరిచింది:
తాగు.

డబ్బుల్లేవు, అన్నాడు. పొద్దున్నే ఇచ్చేశానుగా.

ఎవడడిగాడు? రాసుకుంటాను.

చీకట్లో తడుముకుంటూ చెవి గీసింది,
కాస్త వంకరగా వచ్చింది. పక్కన ఒక గీత.
లారీ ఇంజను ఆగలేదు.
వెనకెవడో హారను కొట్టాడు.
గ్లాసు అతని చేతిలో ఉంది.
టీ మరీ వేడి,
ఊదుకుంటూ తాగాలి,
కొంచెం సేపు పడుతుంది.