రేకుల కింద దుబాసీ

ఉంగరం ఇంట్లో, ఉప్పు డబ్బా మీద పెట్టి వస్తాను.
గోళ్ళకి రంగు వెయ్యను.
మొదట్లో నల్ల చొక్కాలే వేసేదాన్ని,
ఎక్కణ్ణుంచో వచ్చిన శిక్షణ పుస్తకం అలాగే చెప్పింది.
అది రాసినవాళ్ళ చేతులు తెల్లవి.
వారం ఓపిక పట్టి అదోంగ్ అడిగింది:
"నల్లటి గుడ్డ మీద నల్లటి వేళ్ళు, నిన్నెలా చదవాలి?"
ఆ సాయంత్రమే ఓవినో బజారులో పాతబట్టల గుట్టలు తవ్వి
మూడు లేత పసుపు చొక్కాలు తెచ్చుకున్నాను.
కంపాలాలో మూడేళ్ళుగా నా రంగు అదే.

భూసార శాస్త్రం. అరవైమూడు మంది.
వినేవాళ్ళు అరవై, చూసేవాళ్ళు ముగ్గురు.
బ్యాముగిషా మాస్టారు బోర్డుతో మాట్లాడతారు,
నేను ఆయన వీపులోంచి మాటలు తోడుకుంటాను.
"ఇది వాళ్ళకి చెప్పక్కర్లేదులే" అంటారొక్కోసారి.
అదీ చెప్తాను,
"అక్కర్లేదులే" దగ్గర ఆయన చెయ్యి విసిరిన తీరుతో సహా.

హ్యూమస్‌కి సైగ లేదు.
అక్షరం అక్షరం వేళ్ళతో పేర్చి పేర్చి విసిగిపోయాక
ఒక్విర్ గాల్లోంచి చిటికెడు ఏదో తీసి
వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని
కళ్ళు మూశాడు.
తొలకరి.
అంతే, మాట పుట్టేసింది.
వచ్చే ఏటి పిల్లలు అది తాతలనాటిదనుకుంటారు.

జీతం మాత్రం మూణ్ణెల్లకోసారి పుడుతుంది.
రాత్రిళ్ళు అమ్మ నా మణికట్లకి షియా వెన్న రాస్తుంది.
"రాళ్ళు కొట్టావా?" అంటుంది.
కాదమ్మా, ఇవాళ నైట్రోజన్ చక్రం మోశాను.

నాబిర్యే మౌఖిక పరీక్ష సంగతి ఎవరికీ చెప్పలేదు.
చెప్పకూడదు కూడా.
ఆ గదిలో "నేను" అంటే నేను కాదు, ఆమె.
"నాకు కొంచెం భయంగా ఉంది సార్" అని
నా గొంతులో ఆమె భయపడింది.
మూడో ప్రశ్నకి జవాబు తప్పు చెప్పింది.
సరైనది నాకు తెలుసు,
మూడేళ్ళుగా అదే పాఠం నా భుజాల మీదుగా పోతోంది కదా.
నాలుక కొసన ఉంది.
ఒక్క మాట మారిస్తే చాలు, పట్టుకునే దిక్కే లేదక్కడ.
ఆమె ఎంత ధీమాగా తప్పు చెప్పిందో
అంత ధీమాగా చెప్పాను.

బయట మెట్ల మీద అడిగింది: "నీకు తెలుసు కదూ?"
తెలుసు, అన్నాను.
చేతులు జేబుల్లో పెట్టేసుకుంది.
మా మధ్య అంతకంటే పెద్ద కేక లేదు.

మూడో రోజు మధ్యాహ్నం రేకుల మీద వాన.
వాన కాదు, ఎవరో కొండ మీంచి కంకర గుమ్మరిస్తున్నట్టు.
మాస్టారి నోరు ఆడుతోంది, మాట లేదు.
అరవై మందీ చెవుల వెనక అరచేతులు పెట్టుకున్నారు.
నాకూ వినపడక
చేతులు సగం మాట మీద గాల్లో ఆగిపోయాయి.
ఒక్విర్ తీరిగ్గా వెనక్కి తిరిగి
వాళ్ళ మేనత్త మేక ఫీజు రసీదు నమిలేసిన కథ ఎత్తుకున్నాడు.
మేక మొహం వాడే, మేనత్త మొహం వాడే,
రసీదు మొహం కూడా వాడే.
అదోంగ్ డెస్కు చరిచింది.
నాబిర్యే జేబుల్లోంచి చేతులు తీసి
మేక తరఫున వాదించింది.
నేను పగలబడి నవ్వాను.

మాస్టారు నన్ను చూశారు. వాన.
సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశారు:
ఏమంటున్నారు?
రాసి, ఆ సుద్దముక్క నాకివ్వలేదు.
వరసలు దాటుకుంటూ వెళ్ళి ఒక్విర్ చేతిలో పెట్టారు.

అరవై తలలు వాడివైపు తిరిగాయి.
నేను కూర్చున్నాను. పాఠం మధ్యలో, మొదటిసారి.
చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.
కాసేపు వాటికేం తోచలేదు.