దారం లేని దారి

నరసాపురంలో, చర్చి వెనక సందులో
సలోమి గారి లేసు గది.
పదకొండు మంది ఆడవాళ్లు, ఇరవై రెండు మోకాళ్లు,
మధ్యలో తెల్లటి పోగుల గుట్ట.
మూలన, నా చేతుల్తో నేను కట్టిన కంప్యూటర్.

కట్టిన అనే అంటాను, కొన్న అనను.
డబ్బా భీమవరంలో, బోర్డు విజయవాడలో,
మెమరీ ముక్కలు మూతబడ్డ ఓ కాలేజీ ల్యాబులో.
వైఫై కార్డొక్కటే కొత్తది,
పెట్టె వాసన కూడా పోలేదు.
అదే పని చెయ్యలేదు.

మొదటి రోజు
అసలు కార్డంటూ ఉన్నట్టే ఒప్పుకోలేదు కంప్యూటర్.
పెళ్లిలో పిలవని చుట్టాన్ని
చూసీ చూడనట్టు ఊరుకుంది.
విప్పాను. బంగారు పళ్ల మీద సన్నటి పొర.
ఇక్కడ గాలిక్కూడా ఉప్పేస్తారు,
తలుపు గడియలు ఏడాదికోసారి పొట్టు రాలుస్తాయి.
సలోమి గారి మనవణ్ణి రబ్బరు అడిగి తోమాను.
మామిడిపండు బొమ్మ, మామిడిపండు వాసన.
స్లాటు మార్చి గుచ్చితే
కనిపించింది,
పక్కన పసుపు ముక్కోణంతో.

రెండో రోజు డ్రైవర్.
డ్రైవర్ నెట్‌లో ఉంది. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి.
మాధవాయిపాలెం రేవులో పంటు అవతలి గట్టున ఉండిపోతే
దాన్ని పిలుచుకు రావడానికి
అదే పంటెక్కి వెళ్లమన్నట్టు.
నా ఫోన్‌ని కేబులుతో కట్టేసి
నా డేటా అంతా పోసి దింపాను.
ముక్కోణం పోయింది, రెండు గీతలొచ్చాయి.
"ఆయ్, అయిపోయిందండి" అన్నాను.
కాఫీ ఇచ్చారు.
గ్లాసు సగంలో ఉండగా ఆ రెండు గీతలూ పడిపోయాయి.

మూడో రోజు
రౌటర్ని టేబుల్ మీదికి తెస్తే ఒక గీత,
గుమ్మం దాకా తీసుకెళితే అదీ లేదు.
"దారం లేకుండా అల్లిక ఎట్టా వస్తదమ్మా?"
అని సలోమి గారు నిజంగానే అడిగారు.
ఆ పూట జవాబూ రాలేదు, సిగ్నలూ రాలేదు.
తిట్టాను: కార్డు కంపెనీని, అమ్మినవాణ్ణి,
ఉప్పుగాలిని, పైకప్పు రేకుల్ని, ఆషాఢాన్ని.
నన్ను తప్ప అందర్నీ.

వెనకాల ఆవిడ ఎవరో పిల్లని గదమాయిస్తున్నారు:
"కనపడ్డచోట ఉండదే తప్పు.
నాలుగు వరసల ముందు ఉంటది. విప్పు."
ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి
సర్రున లాగేసింది, వారం పని.
నాకు ఒళ్లు మండింది, నాకే అన్నట్టుందని.
అనలేదు. ఆవిడ నా వైపు చూడనైనా లేదు.

నాలుగో రోజు పొద్దున్నే, ఎవరూ రాకముందు,
మూత తీసి టార్చి వేశాను.
కార్డు మీద ఆవగింజలంత ఇత్తడి గిన్నెలు రెండు.
వాటిల్లో ఉండాల్సిన యాంటెన్నా తీగలు
ఊడి, గాల్లో, చెరో దిక్కూ చూస్తూ.
మొదటి రోజు స్లాటు మార్చినప్పుడు
నా బొటనవేలే.

వేళ్లు పట్టలేదు. పట్టకారు జారింది.
గుట్ట మీద ఒక లేసు సూది పడుంది,
ఆవిడదే, పట్టుకునేచోట అరిగి వేలి గుంట పడ్డది.
అడక్కుండా తీసుకున్నాను.
కొక్కేనికి తీగ మెడ తగిలించి
గిన్నె మీదికి తెచ్చి గోటితో నొక్కితే,
టక్.
చీమ గుమ్మం దిగినంత చప్పుడు.
ఇంకోటి. టక్.

గీతలన్నీ నిండాయి.
దారం లేని దారిలో ముందుగా వచ్చింది
మూడు రోజులుగా గుమ్మం బయట నిలబడ్డ ఉత్తరం,
డెన్మార్క్ నుంచి:
మీ నమూనా రెండు సెంటీమీటర్లు తక్కువ.
చదివి వినిపించాను.
సలోమి గారు టేపు తీసి కొలిచారు,
తిప్పేసి మళ్లీ కొలిచారు.
"నిజమే" అన్నారు.
"నా సూది ఏదీ?" అన్నారు.

బిల్లు రాయలేదు.
ఏమని రాయను,
నేను ఊడగొట్టింది నేనే పెట్టినందుకనా?

మూత బిగించాక ఒక స్క్రూ మిగిలింది.
ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు.
కంప్యూటర్ నడుస్తూనే ఉంది.
స్క్రూ నా పర్సులో ఉంది,
ఆ నంబరు నుంచి ఫోన్ మోగినప్పుడల్లా
ముందు దాన్నే తడుముతాను.